యంత్రవాక్యము ప్రమాణమా?

మా చిన్నతనమున పెద్దలు ఏదేని మాటకు తిరుగులేని ముద్ర వేయవలెనన్న 'శాస్త్రము చెప్పినది' అనెడివారు. ఏ శాస్త్రము, ఎవరు వ్రాసిరి, ఎందులకు వ్రాసిరి అని యడిగిన పిల్లవానికి చీవాట్లు మాత్రమే దొఱకెడివి. ఇప్పుడా మాట వినబడుట తగ్గినది. దాని పీటమీద మఱియొక మాట వచ్చి కూర్చున్నది: 'కంప్యూటరు చెప్పినది.' డబ్బు లెక్కించు గుమాస్తా యీ మాట యనును. ఆసుపత్రిలో రసీదు వ్రాయువాడనును. పెండ్లిమాటలకు వచ్చిన పెద్దమనిషి జేబులోనుండి సెల్‌ఫోను తీసి, తెఱమీది యంకెను చూపి యనును. అడిగినవానికి దొఱకు చీవాట్లు మాత్రము మాఱలేదు.

నేను సంస్కృతాంగ్లములు చదివి, ఉన్నతపాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు నలువది దాటినవాడను. కంప్యూటరు నా వృత్తి కాదు. కొన్నియేండ్ల క్రిందట, పిల్లలకు ప్రోగ్రాములు నేర్పు సహోపాధ్యాయుని ప్రక్కన సాయంకాలములు కూర్చుండి, పైథాను అను భాషను కొంత నేర్చుకొంటిని. వ్యాకరణము చదివినవానికి ఆ విద్య పరాయిగా తోచలేదు. అప్పటినుండి యీ యంత్రములను గుఱించి, శాస్త్రమును గుఱించి, నిత్యము మన చేతులలో మెలగు పరికరములను గుఱించి నాకు కలిగిన యభిప్రాయములను ఇండ్లలో చదువుకొను సోదరీసోదరుల ముందుంచుచున్నాను. ఇవి నిపుణుని తీర్పులు కావు. ఇంటి యరుగుమీద చెప్పుకొను మాటలు.

ప్రోగ్రామనగా నేమని మా యింటిలో నన్నడిగిరి. వంట చేయు విధమును వ్రాసి యిచ్చుట వంటిదని చెప్పితిని. మా అత్తగారు పులిహోర చేయు విధము చెప్పునప్పుడు, చింతపండు రసము తగినంత పోయుమందురు. ఉప్పు చూచి వేయుమందురు. పోపు కమ్మగా వేగనిమ్మందురు. ఆ మాటలు విని మా యింట నెవరైనను చక్కని పులిహోర చేయగలరు. యంత్రము చేయజాలదు. తగినంత యనగా నెన్ని గ్రాములు? చూచి యనగా దేనిని చూడవలెను? కమ్మదనము పుట్టుటకు ఎన్ని డిగ్రీల వేడిమి, ఎన్ని క్షణములు? ఇవి యన్నియు విడదీసి, ముందేది వెనుకేది యని వరుస పెట్టి, 'ఇట్లయిన ఇది చేయుము, కానిచో అది చేయుము' అని సందేహమునకు చోటు లేకుండ వ్రాసినచో అది ప్రోగ్రాము. మనుష్యుడు మాటల నడుమ నున్న ఖాళీలను తన యనుభవముతో పూరించుకొనును. యంత్రమునకు అనుభవము లేదు గావున ఖాళీలుంచరాదు. ఈ పని నేర్చుకొన్న పిల్లవానికి తన తలలోని ఖాళీలు తనకు కనబడుట ఆరంభించును. ఆ విద్యవలన ఉద్యోగము వచ్చునో రాదో కాని, ఈ లాభమొక్కటి తప్పక కలుగును.

వ్యాకరణ విద్యార్థులకు ఈ పద్ధతి క్రొత్తది గాదు. పాణిని అష్టాధ్యాయి సుమారు 4000 సూత్రముల గ్రంథము. అందు మొదట సంజ్ఞలు నిర్వచింపబడును. ఒక సూత్రములోని పదము క్రింది సూత్రములలోనికి అనువృత్తిగా దిగివచ్చును. సామాన్యవిధి యొకటి చెప్పి, దానికి బాధకముగా విశేషవిధి చెప్పబడును. రెండు విధులు ఒకచోట ఢీకొన్నప్పుడు ఏది నిలువవలెనో చెప్పుటకు వేఱొక సూత్రముండును. పదునాలుగు మాహేశ్వరసూత్రములలో అక్షరములను ఒక విచిత్రమైన వరుసలో కూర్చి, 'అచ్' అన్నంతనే అచ్చులన్నియు, 'హల్' అన్నంతనే హల్లులన్నియు వచ్చునట్లు ఆ మహానుభావుడు చేసిన యేర్పాటు చూచిన ఏ ప్రోగ్రాము వ్రాయువాడైనను తల యూపును. 1959లో జాన్ బేకస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కంప్యూటరు భాషల వ్యాకరణమును వ్రాయుటకు ఒక సంకేతపద్ధతిని ప్రకటించెను. అట్టి పద్ధతి పాణిని యెఱిగినదే గావున దానికి పాణిని పేరు కూడ చేర్చవలెనని 1967లో ఇంగర్‌మన్ అనునతడు ఒక శాస్త్రపత్రికకు లేఖ వ్రాసెను. ఇది మనము నిజముగా గర్వింపదగిన విషయము.

కాని మనకీ గర్వము చాలలేదు. కంప్యూటరులకు సంస్కృతమే సర్వోత్తమమైన భాషయని అమెరికా వారి అంతరిక్షసంస్థ తేల్చెననియు, అచటివారు సంస్కృతములోనే ప్రోగ్రాములు వ్రాయుచున్నారనియు ఒక కథ మన సభలలో, సందేశములలో నిత్యము తిరుగుచున్నది. దీని మూలమును వెదకిన, 1985లో రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుడు ఒక పత్రికలో ప్రకటించిన వ్యాసము దొఱకును. సంస్కృత వైయాకరణులు వాక్యార్థమును విడదీసి చెప్పు తీరునకు, కంప్యూటరునకు అర్థమును తెలుపుటకై నాటి పండితులు కల్పించిన పద్ధతికి గల పోలికను అతడందు చూపెను. అంతకు మించి యెవరును ఏమియు తేల్చలేదు. సంస్కృతములో అంతరిక్షనౌకలు నడచుటయు లేదు. సంస్కృతము చెప్పి బ్రదుకు నేనే యీ మాట చెప్పిన కొందఱు మిత్రులకు కష్టము తోచినది. కాని పాణినికి అబద్ధపు సాక్ష్యము అవసరము లేదు. నిజమైన బంగారమునకు గిల్టు పూత పూయువాడు బంగారమును గౌరవించుట లేదు.

నేను వ్రాసిన మొదటి ప్రోగ్రాము ఛందస్సుకు సంబంధించినది. పింగళుని ఛందశ్శాస్త్రమున ప్రస్తారమను ప్రక్రియ కలదు. గురువు, లఘువు అని రెండే విధములైన యక్షరములతో ఇన్ని స్థానములు నింపవలెనన్న ఎన్ని రూపములు వచ్చునో వరుసగా వ్రాయుటయే ప్రస్తారము. మూడు స్థానములకు ఎనిమిది. అవియే మనము బడిలో వల్లించిన మ, య, ర, స, త, జ, భ, న గణములు. ఒక్కొక్క స్థానము పెరిగినకొలది సంఖ్య రెట్టింపగును. రెండే చిహ్నములతో సంఖ్యలన్నిటిని వ్రాయు గణితమును లైబ్నిజ్ 1703లో ఐరోపాలో ప్రకటించెను. నేటి కంప్యూటరు లోపల నడచు లెక్కలన్నియు అట్టి రెండు చిహ్నములతోనే నడచును. పింగళుడు కంప్యూటరును కనిపెట్టెనని నేను చెప్పుట లేదు. రెండింటిని ముమ్మాఱు హెచ్చించిన ఎనిమిది యగుట ఏ దేశమునందైనను సత్యమే గావున, ఆ సత్యము ఇరువురకు కనబడినది.

ఒక రూపము ప్రస్తారములో ఎన్నవదో కనుగొను మార్గమును ఉద్దిష్టమందురు. దానిని పలకమీద చేయవచ్చును. అక్షరములమీద వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు సంఖ్యలు వేయుడు. లఘువులమీదనున్న సంఖ్యలను మాత్రము కూడుడు. ఆ మొత్తమునకు ఒకటి చేర్చుడు. ర-గణమునకు నడిమి యక్షరమే లఘువు, దానిమీదిది 2, ఒకటి చేర్చిన 3. ర-గణము వరుసలో మూడవదే గదా! ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములు. అట్టి రూపములు మొత్తము 10,48,576. వానిలో ఉత్పలమాల 3,55,799వది. నా ప్రోగ్రాము కన్నుమూసి తెఱచునంతలో ఈ సంఖ్యను చూపెను. నేను వెంటనే కాగితము తీసి, భ-ర-న-భ-భ-ర-వ యని గణములు వ్రాసి, లఘువులు పండ్రెండింటిమీది సంఖ్యలు కూడి, ఒకటి చేర్చి చూచుకొంటిని. సరిపోయినది.

ఆ సంఖ్యను నేను నమ్మినది యంత్రము చెప్పినందున గాదు; చేతితో సరిచూడగలిగినందున. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన దంతయు ఇందులోనే యున్నది. యంత్రము వేగము నిచ్చును. నమ్మకము మాత్రము మన పరీక్షవలన రావలెను.

యంత్రము తనకు తానుగా నేదియు ఆరంభింపజాలదనియు, మనము ఆజ్ఞాపింప నేర్చినదే చేయుననియు 1843లోనే ఏడా లవ్‌లేస్ అను ఆంగ్లవనిత వ్రాసినది. చార్లెస్ బాబేజి యూహించిన గణనయంత్రమును గుఱించి ఆమె వ్రాసిన వ్యాఖ్యలలో, బెర్నూలీ సంఖ్యలను యంత్రముచే లెక్కింపించు క్రమము కూడ నున్నది. ఆ యంత్రము పూర్తి కాలేదు. ఆమె మాట నిలిచినది. ఆజ్ఞ పాటించువాడు ఆజ్ఞలోని తప్పును కూడ అంతే భక్తితో పాటించును. 1996 జూను 4వ తేదీన ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు బయలుదేరిన నలుబది సెకండ్లలోపల గతి తప్పి నాశమయ్యెను. పాత రాకెట్టుకై వ్రాసిన ప్రోగ్రాములో, ఒక పెద్ద సంఖ్యను 32,767కు మించి పట్టని చిన్న గదిలో పెట్టుమన్న యాజ్ఞ యుండెను. పాత రాకెట్టులో ఆ సంఖ్య యెన్నడును అంత పెరుగలేదు. క్రొత్తది వేగముగలది గావున పెరిగినది. 1999 సెప్టెంబరులో అమెరికావారి నౌక యొకటి అంగారకుని చేరునప్పుడే నశించెను. భూమిమీది ఒక ప్రోగ్రాము బలమును పౌనులలో లెక్కించి పంపగా, దానిని అందుకొన్నది న్యూటనులని తలచినది. శేరును కిలో యని తలచి పప్పు పోసినట్లయినది. ఈ రెంటిలోను యంత్రము చెడలేదు. తనకు చెప్పినదానిని చెప్పినట్లు చేసినది.

మన తెలుగక్షరమునకు సంబంధించిన వింత యొకటి కలదు. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' యను నక్షరమును ఒకానొక క్రమమున కూర్చి సందేశముగా పంపిన, దానిని తెఱమీద చూపబోయిన ఐఫోనులలోని యాప్‌లు కుప్పకూలెడివి. ఆ నెలలోనే తయారీదారులు దిద్దుబాటు చేసిరి. జ్ఞానమను మాటకు మొదటి యక్షరము అంత ఖరీదైన యంత్రమునకు మ్రింగుడు పడలేదని మేము పాఠశాలలో నవ్వుకొంటిమి. నవ్వు తీఱిన పిమ్మట నేను పిల్లలకు చెప్పినది వేఱు: ఆ ప్రోగ్రామును పరీక్షించినవారు మన యక్షరముల కూర్పులన్నింటిని పరీక్షింపలేదు. పరీక్షించువారిలో మన భాష తెలిసినవారు ఎందఱున్న అంత మంచిది. మన భాష యంత్రములో నిలువవలెనన్న మన పిల్లలే లోపలికి పోయి నిలుపవలెను. ఈ కోవలో మనకొక పెద్దపేరున్నది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు, యంత్రమునకు మనుష్యుని మాట వినుట నేర్పిన పరిశోధనలకు ప్రసిద్ధులై 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిరి. చదువురాని ముసలమ్మ నేడు సెల్‌ఫోనుతో నోటిమాటగా తెలుగులో తనకు కావలసిన దడుగగలుగుచున్నదన్న, అట్టివారి కృషి యందు కలదు.

ఇక నేను ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన సంగతి చెప్పెదను. నా చిరకాల మిత్రుడొకనికి కుమార్తె కలదు. ఇరువది యైదేండ్లది, ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగము చేయుచున్నది. ఒక సంబంధము వచ్చినది. పిల్లలిద్దఱు రెండుమాఱులు మాటలాడుకొని యిష్టపడిరి. కట్నము ప్రసక్తి లేదు. పెద్దలు కూడ సంతోషించిరి. లగ్నము పెట్టుకొందమనునంతలో వరుని మేనమామ సెల్‌ఫోనులో జన్మవివరములు కొట్టి చూచి, గుణమేళనములో ముప్పదియాఱింటికి పదునేడే వచ్చినవనియు, పదునెనిమిది రానిది సంబంధము కుదురదనియు చెప్పెను. సిద్ధాంతి చెప్పిన ఇంకొక సిద్ధాంతి నడుగవచ్చును. 'ఇది మనుష్యుడు చెప్పినది కాదు, కంప్యూటరు చెప్పినది' అని ఆయన యన్నాడు. ఆ మాటకు ఇంటిల్లిపాది నోరు మూతపడినది.

మిత్రుడు నన్ను పిలిచెను. నేను ఆ వివరములనే వేఱొక యాప్‌లో వేసి చూచితిని. ఇరువది నాలుగు వచ్చినది! ఒకే పిల్ల, ఒకే పిల్లవాడు, ఒకే జన్మకాలములు. ఎట్లు సంభవించినది? రెండు యాప్‌లును కూడికలో తప్పు చేయలేదు. చంద్రుడు ఆ వేళ ఆకాశమున ఎచట నున్నాడో రెండును చక్కగా లెక్కించినవి. ఆ లెక్క నిజమైన ఖగోళశాస్త్రము, దానికి నేను నమస్కరింతును. కాని రాశిచక్రము ఎక్కడ మొదలగునన్న విషయమున జ్యోతిష్కులలోనే యేకాభిప్రాయము లేదు. లాహిరి అయనాంశ యొకటి, రామన్ అయనాంశ యొకటి. రెంటికి ఒక డిగ్రీకి మించిన భేదము. ఒక డిగ్రీ దాటుటకు చంద్రునకు ఇంచుమించు రెండుగంటలు పట్టును. పిల్ల పుట్టినది నక్షత్రసంధికి దగ్గఱ. ఒక పద్ధతిలో ఒక నక్షత్రము, రెండవ పద్ధతిలో ప్రక్క నక్షత్రము. నక్షత్రము మాఱగానే నాడి మాఱినది. నాడికి ఎనిమిది గుణములు. ఒక యువతి జీవితము ఏ యాప్ వ్రాసినవాడు ఏ అయనాంశను ఎన్నుకొనెనన్నదానిమీద వ్రేలాడినది.

గుణముల పట్టికను కూడ నేను మిత్రునకు విప్పి చూపితిని. వర్ణమునకు 1, వశ్యమునకు 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణమునకు 6, రాశికి 7, నాడికి 8, కూడిన 36. ఒకటినుండి యెనిమిది వఱకు వరుసగా మార్కులు పంచిన యీ యందమైన యమరిక ఏ దంపతుల కాపురములను పరిశీలించి కనుగొన్నది? పుట్టిన నక్షత్రమునుబట్టి పిల్లను రాక్షసగణమని ముద్రవేయు నియమము మనుష్యుడు వ్రాసినది. యంత్రము దానిని కూడినది; అంతే. సిద్ధాంతి తాటాకు చూచి చెప్పినప్పుడు మనము శంకించెడివారము. అదే తాటాకును గాజుతెఱ వెనుక పెట్టినంతనే శంక వీడితిమి. 1952లో భారత ప్రభుత్వము మేఘనాద సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించినప్పుడు, ఆ పెద్దలు తిథుల లెక్కలను నేటి ఖగోళశాస్త్రముతో సరిచేయ ప్రయత్నించిరి. లెక్క సరియైనంత మాత్రమున ఫలము సరియగునని ఏ ఖగోళశాస్త్రము చెప్పదు.

ఆ పిల్ల మా మాటలు వినుచు గుమ్మము దగ్గఱ నిలిచియుండెను. "బాబాయిగారూ, మీరు ఇంత శ్రమపడుట యెందులకు? ఆ ప్రోగ్రామును నా చేతికిమ్మనుడు. పది నిమిషములలో ఎవరిని ఎవరితో కలిపినను ముప్పదియాఱే వచ్చునట్లు వ్రాసి యిచ్చెదను. అప్పుడును కంప్యూటరు చెప్పినదే యగును గదా!" అన్నది. మిత్రుడు నవ్వబోయి నవ్వలేకపోయెను. ఆ సంబంధము నిలువలేదు. మేనమామ మాట కాదనుటకు ఆ యింట నెవరికిని ధైర్యము చాలలేదు. పిల్ల మఱునాడు ఉద్యోగమునకు పోయినది. తండ్రి మాత్రము చాల దినములు మనుష్యులలో పడలేదు.

ఆ పిల్ల చేయు పని స్త్రీలు మొదటినుండి చేసినదేనని మన యిండ్లలో ఎందఱికి తెలియును? ఏడా మాట పైన చెప్పితిని. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఈనియాక్ యంత్రమునకు ప్రోగ్రాములు సిద్ధము చేసినవారు ఆఱుగురు యువతులు. వారి పేర్లు చాలకాలము ఎవరును తలపలేదు. మనుష్యుడు వ్రాసిన సంకేతములను యంత్రభాషలోనికి మార్చు కంపైలరును 1952లో మొదట నిర్మించినవారిలో గ్రేస్ హాపర్ ప్రసిద్ధురాలు. ఇట్టి విద్యకు మన పిల్లలను పంపునప్పుడు మనమేమి చేయుచున్నాము? పదవ తరగతి చదువు కొడుకుచేతికి సెల్‌ఫోనిచ్చి, అదే తరగతి చదువు కూతురు అడిగిన 'ఆడపిల్లకెందుకు, చెడిపోవును' అందుము. చెడిపోవు గుణము ఫోనులో నున్న కొడుకు కూడ చెడవలెను గదా! నా తరగతిలో పాఠము వినుటకు తమ్ముని బ్రతిమాలుకొను అక్కలను నేను చూచితిని. తెలివి ఆ పిల్లకు, యంత్రము ఆ పిల్లవానికి.

వంటింటి యంత్రములను గుఱించియు ఒక మాట. మూతబిగించిన కుక్కరులో ఆవిరి ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలకు గాక 120 డిగ్రీల దగ్గఱ మరగును. అందుచేత పప్పు త్వరగా నుడుకును. రోటిలో గంటసేపు రుబ్బు పిండిని గ్రైండరు తానే రుబ్బును. ఇవి మన స్త్రీల నడుములకు చేసిన యుపకారము చిన్నది కాదు. కాని యీ యంత్రములు మిగిల్చిన గంటలు ఎవరి ఖాతాలో పడినవి? ఆ గంటలో ఇల్లాలు పుస్తకము పట్టుకొన్నదా, లేక ఇంకొక రెండురకముల కూరలు పెరిగినవా? యంత్రము కాలమును మిగిల్చును. ఆ కాలమును పంచిపెట్టువారు మనుష్యులు. సంస్కారము లేని యింట గ్రైండరు కూడ కోడలికి మఱియొక పనియే తెచ్చును.

కొన్ని పరికరములయం దున్న నమ్రత నాకెంతయు నచ్చును. కూరలబండి మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను చూడుడు. 1994లో జపానుదేశమున మోటారుబండ్ల విడిభాగములను గుర్తించుటకై కల్పింపబడినది. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట మన సంతలకెక్కినది. దానిమీద మట్టి పడినను, కొంత చిరిగినను చదువబడును. గట్టి రకములలో నూటికి ముప్పదిపాళ్లు చెడినను పనిచేయును. తప్పు జరుగునని ముందే యెంచి, ఒకే విషయమును నిలుపుటకు అదనపు గుఱుతులను అందిమిడ్చియుండుటయే దానికి కారణము. మన వేదపాఠకులు ఘనపాఠమున పదములను ముందుకు, వెనుకకు, మరల ముందుకు చెప్పి, ఒక స్వరము తప్పినను పట్టుబడునట్లు చేసినది ఇట్టి యాలోచనయే. ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ యంకె కూడ అట్టి కావలివాడు. మొదటి పదునొకండింటిలో ఒక యంకె తప్పినను, ప్రక్కప్రక్క యంకెలు తాఱుమాఱైనను పట్టి యిచ్చును. నేను తప్పవచ్చునని యెఱిగి కట్టిన యంత్రము నమ్మదగినది. తప్పనని చెప్పు యంత్రముగాని, మనుష్యుడుగాని, గ్రంథముగాని భయపెట్టదగినది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ లోకమునకు వచ్చినది మొదలు మఱియొక జాతి యంత్రములు మన యిండ్లలోనికి వచ్చినవి. ఇవి మనము వ్రాసిన యాజ్ఞలను వరుసగా పాటించునవి కావు. కొండలకొలది గ్రంథములను చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశ మెక్కువో నేర్చి, దానినిబట్టి పలుకునవి. వీనివలన మేలు కలదు. పల్లెలోని పిల్లవాడు అర్ధరాత్రివేళ లెక్క తెలియక కూర్చున్న, విసుగుకొనక పదిమాఱులు చెప్పు గురువు దొఱకినాడు. కాని మా తరగతి విద్యార్థి యొకడు ఇట్టి యంత్రము వ్రాసి యిచ్చిన వ్యాసమును తెచ్చెను. అందు ఒక మహాకవి శ్లోకమని నాలుగు పాదములుండెను. చదువగానే చెవికి ఏదో తప్పినట్లు తోచి గణములు కట్టి చూచితిని. మూడవ పాదమున ఒక యక్షరము తక్కువ. ఆ కావ్యమంతయు వెదకినను ఆ శ్లోకము లేదు. యంత్రము దానిని అప్పుడే అల్లి, కవికి అంటగట్టినది. అల్లుటలో సంకోచము లేదు, చెప్పుటలో తడబాటు లేదు.

నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. ఉన్నదానిని ఉన్నట్లు ఎఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడే ఆప్తుడు. కూడిక యంత్రమునకు ఎఱుక లేదు. అయినను దాని నియమము మనకు తెలియును గావున అనుమానప్రమాణముగా పనికివచ్చును. మాటలాడు యంత్రమునకు ఎఱుకయు లేదు, దాని నియమమును మనము వ్రేలుపెట్టి చూపజాలము. కావున దాని పలుకును వార్తగా గ్రహించి, వేఱొకచోట సరిచూచిన పిమ్మటనే నమ్మవలెను. మా విద్యార్థిని నేను శిక్షింపలేదు. ఆ మూడవ పాదమును నల్లబల్లమీద వ్రాసి, తరగతిచే గణములు కట్టించితిని. తప్పును కనుగొన్న పిల్లల ముఖములలోని వెలుగు చూడవలసినదే!

'కంప్యూటరు చెప్పినది' అని యెవరైన నన్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ ప్రోగ్రామునకు నియమములు ఏర్పఱచినవారెవరు? ఆ నియమములకు ఆధారమేమి? ఈ ఫలితమును నేను వేఱొక మార్గమున సరిచూడగలనా? ఉత్తరము దొఱకిన నమ్ముడు. దొఱకనిచో, ఆ మాటమీద ఒక పిల్ల పెండ్లినిగాని, చదువునుగాని, ఒక బీదవాని పింఛనునుగాని ఆపకుడు. ఈ ప్రశ్నలడుగుటకు ఇంజనీరు కానక్కఱలేదు. ఈ సాయంకాలము మీ యింటి పిల్లలను, ముఖ్యముగా ఆడపిల్లలను, దగ్గఱ కూర్చుండబెట్టుకొని 1, 2, 4, 8 అని వ్రాసి, న-గణము వరుసలో ఎన్నవదో కనుగొనుమనుడు. దానికి విద్యుత్తు అక్కఱలేదు, పలక చాలును.